కలలో మెలకువ

కలలో పులి తరుముతుంటే కాళ్ళు కదలవు, గొంతు పెగలదు. ఆ క్షణంలోనే "ఇది కల గదా!" అని స్ఫురిస్తే భయం సగం తీరుతుంది. ఈ ఎరుక కొందరికి తానుగా కలుగుతుంది. సాధనవల్ల కూడా అలవడుతుంది.

నిద్రలో ఇంతటి తెలివి ఉంటుందంటే శాస్త్రజ్ఞులు చాలాకాలం నమ్మలేదు. నిద్రపోయేవాడు సాక్ష్యం ఎలా చెప్పగలడు? ఉపాయం కన్నులలో దొరికింది. కలలు ముమ్మరంగా వచ్చే వేళ ఒళ్ళు కదలకపోయినా కనుగుడ్లు కదులుతూ ఉంటాయి. కలలో ఎరుక కలుగగానే కళ్ళను ఎడమకూ కుడికీ తిప్పాలని, 1975లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ అనే పరిశోధకుడు ఆలన్ వర్స్‌లీతో ముందే అనుకున్నాడు. వర్స్‌లీ నిద్రలోనే ఆ సైగ చేశాడు. యంత్రం దానిని కాగితంమీద గీసింది. అమెరికాలో స్టీఫెన్ లబర్జ్ 1981లో ఇట్టి ఫలితాలనే ప్రకటించాడు.

మన ప్రాచీనులకు ఈ విచారణ కొత్త కాదు. స్వప్నజ్ఞానాన్ని ఆలంబనగా చేసుకొని మనస్సును నిలుపవచ్చునని పతంజలి యోగసూత్రాలలో ఉన్నది. టిబెట్టు బౌద్ధులకు స్వప్నయోగం ఒక సాధన. కలలోని భీకరరూపం తన మనస్సు కల్పించినదేనని గుర్తించి, బెదరక నిలబడడం అందులో ఒక మెట్టు.

సాధనకు హంగులు అక్కరలేదు, ఓపిక కావాలి. మెలకువ రాగానే కలను వ్రాసి ఉంచండి. పగలు అప్పుడప్పుడు "ఇది కలా, నిజమా?" అని పరీక్షించుకోండి. పడుకునే ముందు, కలను కలగా గుర్తిస్తానని సంకల్పించండి. పిల్లలు పీడకలకు లేచి ఏడిస్తే కసరక, మరునాడు పగటివేళ ఆ కలకు మంచి ముగింపు వారిచేతనే చెప్పించండి. అయితే దీనికోసం నిద్ర చెడగొట్టుకోరాదు. కంటినిండా నిద్ర ముందు. కలలో మెలకువ ఆ తరువాతనే.