వేళ్లు ఉబ్బిన పసివాడు

జమ్మికుంటలో నాది రక్తపరీక్షల ల్యాబ్. ఆసిఫాబాద్ దిక్కు నుంచి పత్తి ఏరడానికొచ్చిన ఒక గోండు తల్లి అడిగింది: "పుట్టినప్పుడు మంచిగనే ఉండె సారూ, ఇప్పుడు వేళ్లన్నీ ఎందుకు ఉబ్బినయ్?" ఆమె చంకలోని పసివాడికి ఎనిమిది నెలలు. స్లైడు మీద కొడవలి కణాలు కనిపించాయి. సికిల్‌సెల్.

కడుపులో ఉన్నప్పుడు లిన్28బి అనే ప్రొటీన్, బీసీఎల్11ఏ అనే మరో ప్రొటీన్ తయారీకి జన్యువు పంపే ఆర్‌ఎన్‌ఏ చీటీని పట్టుకొని, ఆ ప్రొటీన్‌ను ఎక్కువ తయారుకానివ్వదు. దాంతో పిండపు హిమోగ్లోబిన్ సాగుతుంది, కణం వంగదు. పుట్టుక దగ్గరపడ్డకొద్దీ లిన్28బి తగ్గుతుంది. బీసీఎల్11ఏ పెరిగి ఆ హిమోగ్లోబిన్‌ను అణచేస్తుంది. అయినా పుట్టాక కొన్ని నెలలు అది మిగిలే ఉంటుంది, అందుకే తొలి నెలల్లో జబ్బు బయటపడదు.

బీసీఎల్11ఏను అణచే జన్యుసవరణ చికిత్సకు 2023లో మొదట బ్రిటన్ అనుమతిచ్చింది. ధర కోట్లలో! నన్నడిగితే, మనవాళ్లకు ఇప్పటికి హైడ్రాక్సీయూరియా అనే మందే దిక్కు. ఈ జబ్బున్న కుటుంబాలవాళ్లు పెళ్లికి ముందే ఇద్దరూ రక్తపరీక్ష చేయించుకోండి.