పశువు గొంతు మాఱినప్పుడు

పశువు ఱంకె వేయుటయు, మేత మ్రింగుటయు గొంతు చేయు పనులని మనమందఱ మెఱుగుదుము. కాని యా పనులను జేయించునది మెదడు. పుఱ్ఱె యడుగున, మెదడు వెన్నుపాముతో గలియుచోట, మజ్జాముఖమను భాగము గలదు. స్వరపేటికను గదల్చు నాడులు అందలి యొక చిన్న కణముల గుంపునుండి బయలుదేరును. మ్రింగుటకు వలయు కండరములలో బెక్కింటికిని అచ్చటినుండియే యాజ్ఞలు పోవును.

ఈ నాడులు వేగస్ అను పదియవ కపాలనాడితో గలిసి మెడవెంట దిగును. వానిలో నెడమవైపు ముఖ్యశాఖ రొమ్ములోనికి బోయి, గుండెనుండి వెడలు పెద్ద రక్తనాళమును జుట్టి, మరల పైకి వచ్చి స్వరపేటికను జేరును. రెండవ శతాబ్దమున రోము నగరమందు గేలెన్ అను వైద్యుడు, అఱచుచున్న పందికి గొంతునాడులను గోసి చూపెను. పంది గింజుకొనుచునే యుండెను గాని, దాని యఱపు నిలిచిపోయెను. కాలువ తలయొద్ద తూము చెడినచో చివరిమడికి నీరందదు గదా. అట్లే నాడులు పుట్టుచోట జెడినను గొంతు చెడును.

ఇది మనకేల యనవచ్చును. పిచ్చికుక్క కఱచిన పశువునందు రేబీసు విషక్రిమి నాడులవెంట మెల్లగా ప్రాకి, కొన్ని వారములకో నెలలకో మెదడు జేరును. మజ్జాముఖము చెడగా పశువు గొంతు బొంగురువోవును. మాటిమాటికి ఱంకె వేయును. మేతయు నీరును మ్రింగజాలదు. చొంగ తీగలుగా గారును. అది చూచి, మామిడిటెంక యేదో గొంతున జిక్కినదని రైతు నోట జేయిపెట్టి వెదకును. ప్రాణాపాయ మచ్చటనే యున్నది. చొంగలో విషక్రిమి యుండును. చేతిమీద జిన్న గాయమున్నను లోనికి జొరబడును. వ్యాధి బయటపడిన పిమ్మట మనుష్యుడు బ్రదుకుట మిక్కిలి యరుదు.

కావున మేము చెప్పున దేమనగా: అట్టి పశువును వేఱుగా గట్టివేయుడు. నోట జేయి పెట్టకుడు, గొట్టముతో మందు పోయకుడు, దాని పాలు వాడకుడు. వెంటనే పశువైద్యునికి గబురంపుడు. నిజముగా టెంకయే చిక్కియున్నను, దానిని దీయు నేర్పు ఆయనకు గలదు. చొంగ తగిలినవారు సబ్బుతో, పాఱునీటిలో 15 నిమిషములు కడుగుకొని, ఆ దినముననే ఆసుపత్రికి బోయి టీకా వేయించుకొనవలెను. 1885లో పాస్చరు పండితుడు మొదట మనుష్యునకు వేసినది మొదలు ఈ టీకా లెక్కకుమీఱిన ప్రాణములను గాచినది. కుక్క కఱచిన పశువునకును, గాయము కడిగి, గుఱుతులు కనబడకమునుపే టీకా వేయింపవలెను.