‘డ్యూయల్’: ఒంటరి రోడ్డు మీద భయం ఎవరిది? పోర్ట్ బ్లెయిర్ దారిలో ఈ సినిమా ఎందుకు తలకిందులవుతుంది?

పోర్ట్ బ్లెయిర్‌లో తెల్లవారుజామున మూడు గంటలకు హోటల్ ముందు ట్యాక్సీ వచ్చి ఆగిందంటే అది దాదాపుగా బారాటాంగ్ ప్రయాణమే.

సున్నపురాయి గుహలు, బురద ఉబికే గుంటలు చూడటానికి విశాఖ నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చిన కుటుంబాలు నిద్రమత్తులోనే కారెక్కుతాయి. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర చీకట్లోనే బండ్లు బారులు తీరుతాయి. గుర్తింపు కార్డులు చూపించాలి, ఫారం నింపాలి, కాన్వాయ్ కదిలేదాకా ఆగాలి. మొదటిది ఉదయం ఆరు గంటలకు బయల్దేరుతుంది.

గేటు దాటాక దాదాపు యాభై కిలోమీటర్లు దట్టమైన అడవి. ఊరు ఉండదు, హోటల్ ఉండదు, పెట్రోల్ బంకు ఉండదు. సస్పెన్స్ సినిమా తీసేవాళ్లకు ఇంతకన్నా మంచి రోడ్డు దొరకదు.

కానీ ఈ రోడ్డుకు కొన్ని నిబంధనలున్నాయి. ముందూ వెనకా పోలీసులు ఉంటారు. బండి ఆపకూడదు. అద్దాలు దించకూడదు. ఫొటోలు, వీడియోలు తీయకూడదు. గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. ముందున్న బండిని ఓవర్‌టేక్ చేయకూడదు.

వీటిలో చివరిది చదివితే స్టీవెన్ స్పీల్‌బర్గ్ ‘డ్యూయల్’ చూసినవాళ్లకు నవ్వొస్తుంది. ఆ సినిమా కథంతా ఒక ఓవర్‌టేక్‌తోనే మొదలవుతుంది మరి.

ముఖం లేని డ్రైవర్

‘డ్యూయల్’ 1971 నవంబర్ 13న అమెరికాలో ఏబీసీ చానల్‌లో ప్రసారమైన టీవీ సినిమా. అప్పటికి స్పీల్‌బర్గ్ వయసు 24 ఏళ్లు. ‘జాస్’ రావడానికి ఇంకా నాలుగేళ్లుంది.

కథ రెండు ముక్కల్లో చెప్పొచ్చు. డేవిడ్ మాన్ అనే మామూలు ఉద్యోగి ఎర్రటి ప్లిమత్ వేలియంట్ కారులో పని మీద వెళ్తుంటాడు. పొగ కక్కుతూ నెమ్మదిగా పోతున్న పాత ట్యాంకర్ లారీని దాటి ముందుకెళ్తాడు. ఇక ఆ లారీ అతణ్ని వదలదు.

మొదట అది చిరాకు పెడుతుంది. తర్వాత చేయి ఊపి ‘దాటి వెళ్లు’ అంటుంది. ఎదురుగా బండి వస్తున్నప్పుడు. రైల్వే గేటు దగ్గర ఆగిన కారును వెనక నుంచి పట్టాల మీదికి నెట్టాలని చూస్తుంది. పోలీసులకు ఫోన్ చేస్తుంటే ఫోన్ బూత్‌నే గుద్దేస్తుంది.

ఎందుకు? సినిమా చెప్పదు. డ్రైవర్ ముఖాన్ని కూడా చూపించదు. ఒక చేయి, ఒక జత బూట్లు కనిపిస్తాయి, అంతే. 1955 మోడల్ పీటర్‌బిల్ట్ లారీనే స్పీల్‌బర్గ్ ఎంచుకోవడానికి కారణం ఉంది. దాని ముందు భాగం మనిషి ముఖంలా ఉంటుంది. డ్రైవర్‌కు ఇవ్వని ముఖాన్ని లారీకి ఇచ్చారన్నమాట. బంపర్ మీద వేర్వేరు రాష్ట్రాల నంబర్ ప్లేట్లు వేలాడుతుంటాయి. ఈ లారీకి ఇదే మొదటి వేట కాదని వాటిని చూస్తే అర్థమవుతుంది. దాని గురించి ఎవరూ ఒక్క మాట కూడా మాట్లాడరు.

రచయిత రిచర్డ్ మాథిసన్‌కు ఈ ఆలోచన నిజ జీవితంలోంచే వచ్చింది. 1963 నవంబర్ 22న, అంటే అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగిన రోజున, మిత్రుడితో కలిసి గోల్ఫ్ ఆడి తిరిగొస్తుంటే ఒక లారీ వాళ్లను ప్రమాదకరంగా వెంబడించింది. ఆ అనుభవం చాలా ఏళ్ల తర్వాత కథ అయి, 1971లో ‘ప్లేబాయ్’లో అచ్చయింది.

స్టూడియోలో తెర ముందు కారు పెట్టి తీసేయొచ్చని నిర్మాణ సంస్థ అనుకుంది. స్పీల్‌బర్గ్ ఒప్పుకోలేదు. కాలిఫోర్నియాలోని సియెర్రా హైవే, ఆ చుట్టుపక్కల రోడ్ల మీదే రెండు వారాలలోపు తీసేశారు. దారి మొత్తాన్నీ పెద్ద పటంగా గీయించి, ఏ మలుపులో ఏం జరగాలో దాని మీదే గుర్తులు పెట్టుకున్నారట. సినిమా చూస్తున్నప్పుడు అది తెలుస్తుంది. లారీ ఎంత దూరంలో ఉందో, ముందు ఎత్తు ఉందో పల్లం ఉందో మనకు ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది. భయం అక్కడి నుంచే పుడుతుంది. చీకటి లేదు, దెయ్యం లేదు, మిట్టమధ్యాహ్నపు ఎండ.

టీవీలో 74 నిమిషాలే ఉన్న ఈ సినిమాను తర్వాత విదేశాల్లో థియేటర్లలో ఆడించడానికి 90 నిమిషాలకు పెంచారు. రైల్వే గేటు, స్కూల్ బస్సు సన్నివేశాలు అప్పుడు చేర్చినవే.

అసలు సన్నివేశం లారీది కాదు

ఈ సినిమా గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా వెంటాడే దృశ్యాలనే చెప్పుకుంటారు. కానీ సినిమాకు గుండెకాయ లాంటి సన్నివేశం రోడ్డు పక్క హోటల్లో జరుగుతుంది.

మాన్ ఊపిరి పీల్చుకోవడానికి అక్కడ ఆగుతాడు. ముఖం కడుక్కుని వచ్చి చూస్తే కిటికీలోంచి లారీ కనిపిస్తుంది. అంటే ఆ డ్రైవర్ ఇక్కడున్న వాళ్లలోనే ఒకడు. ఎవడు? మాన్ ఒక్కొక్కరి బూట్లు చూస్తాడు. ఒకడి చూపు నచ్చదు, ఇంకొకడు తింటున్న తీరు నచ్చదు. చివరికి ఒకరిని పట్టుకుని నిలదీస్తాడు. తన్నులు తింటాడు. ఆ మనిషి అసలు వేరే లారీ డ్రైవర్.

ముఖం తెలియని భయానికి మనిషి తనకు తోచిన ముఖం తగిలిస్తాడు. ఆ తర్వాత ఆ ముఖాన్నే కొడతాడు.

ఒంటరి రోడ్డు సినిమాల్లో చాలావరకు ఈ పని పాత్ర కాకుండా సినిమానే చేస్తుంది. రామ్ గోపాల్ వర్మ నిర్మించగా రజత్ ముఖర్జీ దర్శకత్వం వహించిన ‘రోడ్’ (2002)లో ఇంట్లో చెప్పకుండా బయల్దేరిన జంట దారిలో లిఫ్ట్ ఇచ్చిన అపరిచితుడే (మనోజ్ బాజ్‌పేయీ) ముప్పు. నవదీప్ సింగ్ తీసిన ‘ఎన్‌హెచ్10’ (2015)లో గురుగ్రామ్ దంపతులకు ముప్పు పల్లెల నుంచి వస్తుంది. కారులో ఉన్నది మనలాంటి వాళ్లు, బయట ఉన్నది వాళ్లు. కెమెరా ఎప్పుడూ కారు లోపలే కూర్చుంటుంది.

అండమాన్‌లో ఈ సర్దుబాటు కుదరదు.

బాణాల భయంతో మొదలైన రోడ్డు

పోర్ట్ బ్లెయిర్ పేరును 2024 సెప్టెంబరులో కేంద్రం శ్రీ విజయ పురంగా మార్చింది. వాడుకలో పాత పేరు ఇంకా పోలేదు. ఇక్కడి నుంచి ఉత్తరాన డిగ్లీపూర్ దాకా వెళ్లేదే అండమాన్ ట్రంక్ రోడ్డు. దీవుల్లో అందరూ ‘ఏటీఆర్’ అంటారు. జాతీయ రహదారుల లెక్కలో ఇది ఇప్పుడు ఎన్‌హెచ్-4.

1970ల్లో దీన్ని వేస్తున్నప్పుడు అది జారవాల అడవిని చీల్చుకుంటూ వెళ్లింది. తమ నేల మీదికి వచ్చిన వాళ్ల మీద జారవాలు బాణాలు వేశారు. పనివాళ్లు చనిపోయారు. పనులు ఆగాయి, మళ్లీ మొదలయ్యాయి. బుష్ పోలీసు అనే ప్రత్యేక దళం కాపలా కాసింది. రోడ్డు పూర్తయ్యాక కూడా చాలాకాలం బస్సుల్లో తుపాకీతో పోలీసు ఎక్కేవాడు.

ఆ రోజుల్లో ఏటీఆర్ మీద బస్సెక్కిన మనిషి పరిస్థితి అచ్చంగా డేవిడ్ మాన్‌ది. చుట్టూ చెట్లు. ఎక్కడి నుంచి వస్తుందో, ఎందుకు వస్తుందో తెలియని బాణం. వేసినవాడి ముఖం కనిపించదు.

ముఖం కనిపించలేదు కాబట్టి ఒక పేరు పెట్టేశారు. ‘జారవా’ అన్నది వాళ్ల మాట కాదు. పొరుగున ఉన్న గ్రేట్ అండమానీ భాషలో దానికి పరాయివాళ్లు, కొత్తవాళ్లు అనే అర్థం ఉంది. వాళ్లు తమను తాము పిలుచుకునే పేరు ‘ఆంగ్’. బ్రిటిష్ వాళ్లు వాళ్ల మీదికి సాయుధ దళాలను పంపారు. రెండో ప్రపంచ యుద్ధంలో దీవులను ఆక్రమించిన జపాన్ సైన్యం ఆ అడవి మీద బాంబులు వేసింది. ఆ తర్వాత వచ్చింది రోడ్డు. బాణం ఎందుకు వచ్చిందో బస్సులోని వాళ్లకు తెలియకపోవచ్చు గానీ, దానికి కారణం లేకపోలేదు.

1996లో కాలు విరిగిన ఒక జారవా కుర్రాడు కదంతలా దగ్గర దొరికాడు. పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి.పంత్ ఆసుపత్రిలో నెలల పాటు ఉంచి, నయం చేసి వెనక్కి పంపారు. 1997 అక్టోబరు నాటికి జారవాలు పట్టపగలు, బాణాలు లేకుండా, రోడ్డు మీదికీ పక్క ఊళ్లలోకీ రావడం మొదలుపెట్టారు.

సాధారణ సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడేది.

లారీ సీట్లో ఎవరు?

1999లో జారవాల్లో తట్టు వచ్చింది. 2006లో మళ్లీ వచ్చింది. తరతరాలుగా బయటి మనుషులతో కలవని వాళ్లకు మన ఊళ్లలో పిల్లలకు వచ్చిపోయే జబ్బే ప్రాణాల మీదికి తెస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం జారవాలు మొత్తం 380 మంది. ఒక మోస్తరు ఊళ్లో ఒక వీధి జనాభా.

రోడ్డు తెచ్చింది జబ్బులే కాదు. బండ్లలోంచి బిస్కెట్లు, అరటిపళ్లు విసిరారు. పొగాకు, మద్యం అడవిలోకి చేరాయి. ‘జారవాలు కనిపిస్తారు’ అన్నది బారాటాంగ్ టూరుకు బయటికి చెప్పని ఆకర్షణ అయింది. తిండి చూపించి జారవా ఆడపిల్లల చేత నాట్యం చేయించిన వీడియోను 2012 జనవరిలో బ్రిటన్ పత్రిక ‘అబ్జర్వర్’ బయటపెట్టినప్పుడు దేశమంతా తలదించుకుంది. అదే ఏడాది ఆదిమ తెగల రక్షణ నిబంధనలను (మొదట 1956లో వచ్చినవి) సవరించి, ఏడేళ్ల దాకా జైలు శిక్ష పడేలా కఠినం చేశారు.

జిర్కాటాంగ్ దగ్గరి నిబంధనలను ఇప్పుడు మళ్లీ చదవాలి. కాన్వాయ్, పోలీసు, మూసిన అద్దాలు... ఒకప్పుడు పోలీసు ఉన్నది బస్సులోని వాళ్లను కాపాడటానికి. ఇప్పుడు ఉన్నది బస్సులోని వాళ్ల నుంచి అడవిలోని వాళ్లను కాపాడటానికి. రోడ్డు అదే, పోలీసూ ఉన్నాడు. కాపలా దిశ మాత్రం మారింది.

చెట్ల పక్కన నిలబడి చూస్తే కనిపించేది ఇదే: ఎక్కడి నుంచో వచ్చే పెద్ద బండ్లు, అద్దాల వెనక సరిగ్గా కనిపించని ముఖాలు, రోజూ అదే వేళకు, ఎందుకు వస్తున్నాయో చెప్పకుండా. ‘డ్యూయల్’ లారీకి ఉన్న లక్షణాలన్నీ ఈ బండ్లకు ఉన్నాయి. దాన్ని జారవాలు ఎలా చూస్తున్నారో చెప్పాల్సింది వాళ్లే. బయటివాళ్లు తమ ఊహను వాళ్ల నోట్లో పెడితే అది హోటల్లో మాన్ చేసిన పొరపాటే అవుతుంది.

సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

మూసేయమని చెప్పింది. శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక ఆధారంగా 2002 మేలో సుప్రీంకోర్టు జారవా ప్రాంతంలో ట్రంక్ రోడ్డును మూసివేయాలని ఆదేశించింది. (‘రోడ్’ సినిమా విడుదలైందీ ఆ ఏడాదే. కాకతాళీయమే.) రోడ్డు మూతపడలేదు. 2004 డిసెంబరులో జారవా విధానం వచ్చింది. రాకపోకలను అదుపు చేయడం దారి అయింది. 2013 జనవరిలో పర్యాటకులు ఈ దారిన వెళ్లకుండా సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మార్చికల్లా ఆ నిషేధం తొలగిపోయింది.

రోడ్డు కావాలనే వాళ్ల వాదనను తీసిపారేయలేం. రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్ ప్రాంతాల్లో వేల కుటుంబాలు స్థిరపడ్డాయి. దేశ విభజన తర్వాత ప్రభుత్వమే తెచ్చి అక్కడ దింపిన తూర్పు బెంగాల్ శరణార్థుల వారసులు వాళ్లలో ఎక్కువ. పురిటి నొప్పులొచ్చినా, గుండె నొప్పి వచ్చినా పెద్దాసుపత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే. వానాకాలంలో సముద్రం ఓడను రానివ్వదు. దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 2011 లెక్కల్లో సుమారు 13 శాతం. ఉద్యోగానికో వ్యాపారానికో ఉత్తరానికి వెళ్లాల్సి వస్తే వాళ్లదీ ఇదే దారి.

కానీ రోగిని తీసుకెళ్లే జీపు, గుహలు చూడబోయే ట్యాక్సీ ఒకటి కాదు. రెండింటినీ ఒకే కాన్వాయ్‌లో నిలబెట్టి ‘రోడ్డు అవసరం’ అనడంలోనే తిరకాసు ఉంది. బారాటాంగ్‌కు సముద్రం మీదుగా వెళ్లొచ్చు. పర్యాటకులను అటు మళ్లించాలన్నది పాత సూచనే. పడవ ప్రయాణానికి టైము ఎక్కువ పడుతుంది, ఒకే రోజులో వెళ్లిరావడం కష్టమవుతుంది. టూర్ ప్యాకేజీలకు అది గిట్టదు.

‘డ్యూయల్’ మొదట్లో ఒక చిన్న ముచ్చట ఉంది. పెట్రోల్ బంకులో కుర్రాడు ‘రేడియేటర్ గొట్టం మార్చుకోండి’ అంటాడు. మాన్ వినడు. ఎత్తు రోడ్డు మీద, లారీ వెనకే ఉన్నప్పుడు, ఆ గొట్టమే పగిలిపోతుంది. చివరికి కొండ అంచున తన కారును లారీకి ఎదురుగా వదిలేసి దూకేస్తాడు. రెండు బండ్లూ లోయలో పడతాయి. చానల్ వాళ్లు పేలుడు కావాలన్నారు, స్పీల్‌బర్గ్ పెట్టలేదు. మాన్ ఒక్కడే కూర్చుని, పొద్దు కుంకేదాకా లోయలోకి రాళ్లు విసురుతుంటాడు.

జిర్కాటాంగ్ దగ్గర ఆఖరి కాన్వాయ్ మధ్యాహ్నమే వెళ్లిపోతుంది. గేటు పడ్డాక, మర్నాడు ఉదయం ఆరింటి దాకా ఆ యాభై కిలోమీటర్ల మీద మామూలు బండ్లేవీ తిరగవు.