కిరీటాలు లేవు.. రాజముద్రలు ఉన్నాయి!

రాజమహేంద్రవరం: రాజుల సంపద కళ్లారా చూడాలంటే హైదరాబాద్ వెళ్లాల్సిందేనన్నది గోదావరి జిల్లాల్లో చాలామంది అభిప్రాయం. నిజాం నగల ఖ్యాతి అటువంటిది. 1995లో కేంద్ర ప్రభుత్వం రూ.218 కోట్లు చెల్లించి కొనుగోలు చేసిన ఆ 173 నగలు, రత్నాలు 2001, 2006 సంవత్సరాల్లో సాలార్‌జంగ్ మ్యూజియంలో కొద్దికాలం ప్రదర్శనకు వచ్చాయి. మరి వెయ్యేళ్ల కిందట రాజరాజ నరేంద్రుడు ఏలిన రాజమహేంద్రి మాటేమిటి? వేంగీ చాళుక్యుల కిరీటం గానీ, సింహాసనం గానీ నేడు ఎక్కడా కానరావు. అయితే ఆ రాజ్యాధికారానికి గుర్తులైన వస్తువులు పూర్తిగా కనుమరుగు కాలేదు. వాటిని బంగారంలో కాక రాగిలో వెతకాలి.

గోదావరి గట్టున ఉన్న రాళ్ళబండి సుబ్బారావు ప్రభుత్వ పురావస్తు ప్రదర్శనశాల 1967లో ఏర్పడింది. ఆంధ్రేతిహాస పరిశోధక మండలి సేకరించిన శాసనాలు, నాణేలు, శిల్పాలే దీనికి పునాది. ఇటువంటి చోట సందర్శకులు శిల్పాల వద్ద నిలిచినంతసేపు రాగిరేకుల వద్ద నిలవరు. నిజానికి రాజచిహ్నమంటే ఏమిటో చెప్పేవి ఆ రేకులే.

తామ్రశాసనమంటే రాజు చేసిన భూదానానికి పత్రం. మూడు నుంచి అయిదు వరకు రేకులు ఉంటాయి. అక్షరాలు అరిగిపోకుండా అంచులను కాస్త ఎత్తుగా మలుస్తారు. ఎడమవైపు రంధ్రం చేసి, అన్నింటినీ ఒకే కడియానికి గుచ్చుతారు. కడియం రెండు కొసలు కలిసే చోట గుండ్రని ముద్ర ఉంటుంది. దానిపై ఉబ్బెత్తుగా వరాహం, సూర్యచంద్రులు, ఏనుగును అదిలించే అంకుశం, అడుగున పద్మం కనిపిస్తాయి. నడుమ ‘శ్రీ త్రిభువనాంకుశ’ అనే బిరుదు. వంశానికి ఆద్యుడైన కుబ్జ విష్ణువర్ధనుని ముద్రపై మాత్రం ‘విషమసిద్ధి’ అని ఉండేది. కడియం తెగకుండా, ముద్ర చెదరకుండా ఉంటేనే రేకులు మారలేదని, పత్రం అసలుదని నమ్మకం. నేటి రిజిస్ట్రేషన్ కార్యాలయపు ముద్రకు ఇది తాతముత్తాత వంటిది.

సామ్రాజ్య చిహ్నాలేమిటో కూడా ఈ శాసనాలే జాబితాగా చెబుతాయి. విమలాదిత్యుని రణస్థిపూండి శాసనం, ఆయన కుమారుడు రాజరాజ నరేంద్రుని కోరుమెల్లి, నందంపూడి శాసనాలు ఇందుకు ఆధారం. శ్వేతచ్ఛత్రం, శంఖం, పంచమహాశబ్దాలు, పాళిధ్వజం, ఢక్క, వరాహలాంఛనం, నెమలి పింఛం, కుంతం, సింహాసనం, మకరతోరణం, బంగారు దండం, గంగాయమునలు... ఇదీ వరుస. తండ్రి మరణానంతరం జన్మించిన ఒక చాళుక్య రాకుమారుడు ముదివేములోని విష్ణుభట్ట సోమయాజి ఇంట పెరిగి, చాళుక్యగిరిపై గౌరిని ఆరాధించి, దాచి ఉంచిన వాటిని తీసుకున్నట్టుగా ఈ చిహ్నాలను ధరించాడని అందులోని కథ. పదకొండో శతాబ్దానికి ముందటి శాసనాల్లో లేని ఈ గాథను చరిత్రకారులు చరిత్రగా అంగీకరించరు. అయినా ఆనాటి ప్రజలు రాజును ఏ గుర్తులతో పోల్చుకునేవారో తెలియడానికి ఇంతకు మించిన ఆధారం లేదు.

ఆ గుర్తుల్లో కొన్ని నాణేలపైకీ ఎక్కాయి. శక్తివర్మ, రాజరాజ నరేంద్రుల పలుచని బంగారు నాణేల నడుమ వరాహం, పైన గొడుగు, పక్కన చామరాలు కనిపిస్తాయి. చుట్టూ రాజు పేరు, పాలనా సంవత్సరం. ఇవి బర్మా తీరంలోని చేదూబా దీవిలోనూ దొరికాయంటే గోదావరి రేవుల నుంచి వర్తకం ఎంత దూరం సాగిందో ఊహించవచ్చు.

రాజరాజ నరేంద్రుని పట్టాభిషేకం శక సంవత్సరం 944లో, అంటే క్రీ.శ.1022 ఆగస్టు 16న, గురువారం నాడు జరిగింది. తిథివారాలతో సహా ఈ సంగతి తెలిసింది కోరుమెల్లి, నందంపూడి రేకుల వల్లనే. ఆ లెక్కను బట్టే 1922లో రాజమండ్రిలో తొమ్మిది వందల ఏళ్ల ఉత్సవం జరిగింది. పరిశోధక మండలికి బీజం పడిందీ అప్పుడే. నందంపూడి శాసనాన్ని రచించినది నన్నయభట్టు. దానగ్రహీత ఆయన సహాధ్యాయి నారాయణభట్టు. రేకులను ఎవరైనా పాత రాగి కింద కట్టి ఉంటే ఈ తేదీ, ఈ పేర్లు కూడా కొలిమిలో కరిగిపోయేవి.

కోనసీమ, పెదవేగి ప్రాంతాల్లో పునాదులు తవ్వేటప్పుడు, పొలాలు చదును చేసేటప్పుడు ఇటువంటివి ఇకముందు కూడా బయటపడవచ్చు. నిధి దొరికితే ప్రభుత్వం ఊరికే లాగేసుకుంటుందన్న భయం పల్లెల్లో బలంగా ఉంది. చట్టం అలా చెప్పదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల వస్తువు భూమిలో దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ప్రభుత్వం దానిని తీసుకోదలిస్తే లోహపు విలువతో పాటు అందులో అయిదో వంతు అదనంగా చెల్లించాలి. దాచినవారు మాత్రం తమ వాటాను కోల్పోతారు. ఏడాది వరకు జైలుశిక్ష, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. దొరికిన రేకులను చింతపండుతో తోమడం, కడియాన్ని కోయడం చేయకుండా ఉన్నవి ఉన్నట్టే అప్పగించాలి.