ల్యాపీ ఒకటే.. ఓఎస్‌లు రెండు!

బీటెక్ సెకండియర్‌లో, రాజమండ్రి రూమ్‌లో ఓ రాత్రి లైనక్స్ ఎక్కించబోయి ‘ఎరేజ్ డిస్క్’ ఆప్షన్ నొక్కేశాను. అరగంటలో ఉబుంటు వచ్చేసింది. విండోస్‌తో పాటు అక్క పెళ్లి ఫొటోలూ పోయాయి. మాది కోనసీమ. నాన్న కొబ్బరికాయలమ్మిన డబ్బులతో కొన్న ల్యాపీ అది, ఇంటిల్లిపాదికీ అదొక్కటే. అక్కకి సంగతి చెప్పడానికి నాకు నెల పట్టింది.

లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్‌కీ ఇలాంటి దెబ్బే తగిలింది లెండి. 1991లో హెల్సింకిలో చదువుకుంటూ, మోడెమ్‌కి పంపాల్సిన కమాండ్‌ని పొరపాటున హార్డ్‌డిస్క్‌కి పంపి, అందులోని మినిక్స్‌ని పాడుచేసుకున్నాడు. మళ్లీ మినిక్స్ ఎక్కించకుండా తాను రాస్తున్న లైనక్స్‌నే వాడుకునేలా తీర్చిదిద్దుకున్నాడు. మనకంత సీన్ లేదు కాబట్టి ముందే జాగ్రత్తపడదాం.

అసలు లైనక్స్ దేనికంటారా? మీరు రాసే కోడ్ రేపు నడిచేది ఎక్కువగా లైనక్స్ సర్వర్ల మీదే. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉన్నదీ దాని కెర్నలే.

విండోస్ తీసేయక్కర్లేదు, డిస్క్ జోలికే వెళ్లక్కర్లేదు. డబ్ల్యూఎస్ఎల్ ఉంది. పవర్‌షెల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ‘డబ్ల్యూఎస్ఎల్’ మూడక్షరాలూ కొట్టి, స్పేస్ ఇచ్చి, రెండు హైఫన్లు, వాటికి ఆనించి ‘ఇన్‌స్టాల్’ అనండి. రీస్టార్ట్ అయ్యాక ఉబుంటు మీ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెరమీద చుక్క కూడా కనబడకపోవచ్చు. కీబోర్డ్ పోయిందని కంగారుపడకండి. డౌన్‌లోడ్ కూడా వందల ఎంబీల్లోనే. పూర్తి ఉబుంటు 24.04 ఫైలైతే దాదాపు 6 జీబీ. రోజుకి 2 జీబీ ప్యాక్ వేయించుకునే మనలాంటోళ్లకి అది మూడ్రోజుల డేటా!

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ప్రాజెక్ట్ ఫైళ్లు సీ డ్రైవ్‌లో కాదు, లైనక్స్ హోమ్ ఫోల్డర్‌లోనే పెట్టుకోవాలి. లేదంటే గిట్, ఎన్‌పీఎం నత్తనడక నడుస్తాయి. వీఎస్ కోడ్‌లో డబ్ల్యూఎస్ఎల్ ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే ఎడిటర్ విండోస్‌లో, పని లైనక్స్‌లో. చాలామందికి ఇది చాలు, నా ఓటూ దీనికే.

మరి 4 జీబీ ర్యామ్ పాత ల్యాపీ అయితే? రెండూ ఒకేసారి నడిస్తే మోయలేదు. అప్పుడు డ్యూయల్ బూట్ మేలు. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠలుగా చీలినట్టు డిస్క్‌ని రెండు పాయలు చేయడమే. ముందు ఫొటోలు, సర్టిఫికెట్లు పెన్‌డ్రైవ్‌లోకి. నేను చేయని పని ఇదే. తర్వాత బిట్‌లాకర్ రికవరీ కీ కాగితం మీద రాసుకోండి, లేకపోతే విండోస్ తలుపు తీయకపోవచ్చు. ఫాస్ట్ స్టార్టప్ ఆపేసి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనీసం 30 జీబీ ఖాళీ చేయండి. ఉబుంటు ఎక్కించేటప్పుడు ‘అలాంగ్‌సైడ్’ అన్న మాట ఉన్న ఆప్షనే ఎంచుకోవాలి. ‘ఎరేజ్’ కనబడితే చెయ్యి వెనక్కి తీసుకోండి. బ్యాటరీ నిలబడని ల్యాపీ అయితే కరెంటు కోతల వేళ అసలు మొదలెట్టొద్దు.

అన్నీ సవ్యంగా జరిగినా మర్నాడు ఓ తమాషా ఉంటుంది. ఉదయం 9 గంటలకి విండోస్ తెరిస్తే గడియారం 3.30 అంటుంది. లైనక్స్ లోపలి గడియారాన్ని గ్రీన్‌విచ్ లెక్కలో పెడుతుంది, విండోస్ దాన్ని మన టైమనుకుంటుంది. అందుకే ఆ ఐదున్నర గంటల తేడా. లైనక్స్ టెర్మినల్‌లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్టీసీ 1’ అని కొడితే సరిపోతుంది. ఈ ఆర్టీసీ మన బస్సు కాదు, రియల్ టైమ్ క్లాక్!