మానసిక రోగి హక్కులకు నర్సు నమోదులే ఆధారం

మానసిక రోగులను గొలుసులతో బంధించడాన్ని మన దేశంలో చట్టం పూర్తిగా నిషేధించింది. సిబ్బంది చాలడం లేదన్న ఒక్క కారణంతో రోగిని మంచానికి కట్టివేయడానికి కూడా వీల్లేదు. 2018లో అమలులోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. అయితే అర్ధరాత్రి వార్డులో ఒక రోగి కేకలు వేస్తూ లేచినప్పుడు ఈ నిబంధన ఎంతవరకు అమలవుతుందన్నది విధుల్లో ఉన్న నర్సు పరిశీలన, ఆ నర్సు చేసే నమోదుపైనే చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఏర్వాడి విషాదం

తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఏర్వాడిలో 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున ఒక ప్రైవేటు మానసిక రోగుల శరణాలయంలో మంటలు చెలరేగి 28 మంది మరణించారు. గొలుసులతో కట్టివేసి ఉన్నందున రోగులు తప్పించుకోలేకపోయారు. 1912 నాటి చట్టం స్థానంలో 1987లో ఆమోదం పొందిన మానసిక ఆరోగ్య చట్టం 1993 నుంచే అమలులో ఉన్నప్పటికీ ఈ ఘోరం జరగడం గమనార్హం. సుప్రీంకోర్టు ఈ ఘటనను తనంత తానుగా విచారణకు చేపట్టింది. అయినా గొలుసులు మాయం కాలేదు. ఉత్తరప్రదేశ్‌లోని బదాయూన్‌లో ఒక ఆశ్రయ కేంద్రంలో రోగులను గొలుసులతో బంధించిన ఉదంతం 2019 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఇది అమానుషమని, రాజ్యాంగంలోని 21వ అధికరణానికి విరుద్ధమని న్యాయస్థానం స్పష్టం చేసింది.

చట్టం ఏమంటున్నది?

మానసిక వ్యాధి ఉన్నంత మాత్రాన రోగికి నిర్ణయ సామర్థ్యం లేనట్లు కాదన్నది 2017 చట్టానికి మూలసూత్రం. తనకు ఎటువంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందుగానే రాసి ఉంచుకునే హక్కు, తన తరఫున మాట్లాడే ప్రతినిధిని నియమించుకునే హక్కు రోగికి ఉన్నాయి. గోప్యత, తన వైద్య పత్రాలను చూసుకోవడం, బయటివారితో ఫోన్‌లో మాట్లాడటం కూడా హక్కులే. గుండు చేయించుకోవాలని గానీ, ఆస్పత్రి దుస్తులే ధరించాలని గానీ రోగిని బలవంతపెట్టరాదు.

రోగికీ, ఇతరులకూ తక్షణం కలగబోయే హానిని నివారించడానికి మరో మార్గం లేనప్పుడు మాత్రమే, బాధ్యుడైన మానసిక వైద్యుని అనుమతితో రోగిని కదలకుండా నిలువరించవచ్చు. శిక్షగా ఆ పని చేయరాదు. ఎందుకు, ఏ పద్ధతిలో, ఎంతసేపు నిలువరించారో వెంటనే నమోదు చేయాలి. 24 గంటల్లోగా రోగి ప్రతినిధికి తెలపాలి. ప్రతి నెలా సమీక్షా మండలికి నివేదిక పంపాలి. ఏకాంత నిర్బంధం పూర్తిగా నిషిద్ధం.

ఒక్క మాటలో ఎంత తేడా!

ఈ నమోదుకు ముడిసరుకు నర్సు చేసే పరిశీలనే. రోగి వేషధారణ, ప్రవర్తన, మాటతీరు, మనోస్థితి, ఆలోచనలు, భ్రాంతులు, జ్ఞాపకశక్తి, తన స్థితిపై అతనికున్న అవగాహన ఆ పరిశీలనలోని అంశాలు. ఆత్మహత్య ప్రమాదాన్ని కూడా అంచనా వేయాలి. జ్వరం, రక్తంలో చక్కెర తగ్గడం వంటి శారీరక కారణాల వల్ల కలిగే కలవరాన్ని సైతం విస్మరించరాదు.

ఉదాహరణకు, కేస్ షీటులో "రోగి దూకుడుగా ఉన్నాడు" అని రాస్తే కట్టివేతకు అదే సమర్థనగా మారవచ్చు. "ఇంటికి ఫోన్ చేయనివ్వాలని రెండుసార్లు అడిగాడు, నిరాకరించడంతో పళ్లెం విసిరాడు, ఎవరినీ కొట్టలేదు" అని రాస్తే పరిష్కారం తాడు కాదని, ఫోన్ అని తెలిసిపోతుంది. మొదటిది తీర్పు, రెండవది సాక్ష్యం.

గోప్యత విషయంలోనూ ధర్మసంకటం తప్పదు. "ఎవరికీ చెప్పవద్దు" అంటూ రోగి తన చావు ఆలోచనను నర్సుకు చెప్పుకోవచ్చు. ప్రాణహాని నివారణకు అవసరమైనంత మేరకు సమాచారాన్ని వెల్లడించడానికి చట్టం అనుమతిస్తున్నది. అంతకు మించి వెల్లడించడం గోప్యతా హక్కుకు భంగమే.

నర్సులేరీ?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ప్రచురించిన వివరాల ప్రకారం, భారతదేశంలో మానసిక వైద్య రంగంలో పనిచేసే నర్సుల సంఖ్య లక్ష జనాభాకు ఒక్కరి కంటే తక్కువ. ఒకే నర్సు పలువురు రోగులను కనిపెట్టుకోవలసి వచ్చినప్పుడు పక్కన కూర్చుని మాట్లాడే తీరిక ఉండదు. అప్పుడు చేతికి అందేది తాడే. సిబ్బంది కొరతను సాకుగా చూపరాదని శాసించిన ప్రభుత్వాలకే ఆ కొరతను తీర్చవలసిన బాధ్యత కూడా ఉన్నది. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థల్లో 15 ఏళ్ల అనుభవం గల నర్సుకు స్థానం కల్పించాలని చట్టమే నిర్దేశించింది. వార్డుల్లోనూ చాలినంత మంది నర్సులు ఉన్నప్పుడే రోగి హక్కు కాగితం దాటి మంచం దాకా చేరుతుంది.