పురుడు పోసే చేతికి పెద్ద చదువు

లండన్ వెళ్లాలా, లెక్చరర్ అవ్వాలా, లేబర్ రూములోనే ఉండిపోవాలా? నర్సింగ్ పూర్తిచేసిన మన అమ్మాయిల ముందు ఇప్పుడు మూడు దారులున్నాయి. వాళ్లు ఏ దారి పడతారన్నదాన్ని బట్టి... రేపు మన ఇంటి ఆడపిల్ల కాన్పు ఎలా జరుగుతుందన్నదీ మారుతుంది!

విజయవాడ వన్ టౌన్‌లో కొండమీది ఇళ్లు చూశారా? కాళేశ్వరరావు మార్కెట్ రద్దీ దాటి చిట్టినగర్ వైపు వెళ్తూ తలెత్తి చూస్తే ఇంటి మీద ఇల్లు పేర్చినట్టు ఉంటుంది. ఆటో కొండ కింద వరకే. ఆ పైన అన్నీ మెట్లే. నెలలు నిండిన అమ్మాయి దిగాలన్నా ఆ మెట్లే, బీపీ మిషను సంచిలో పెట్టుకుని నర్సమ్మ ఎక్కాలన్నా ఆ మెట్లే.

ఒకప్పుడు ఇలాంటి వీధుల్లో నొప్పులొస్తే మంత్రసాని కోసం పరుగెత్తేవారు. ఇప్పుడా మాటే వినబడదు. ఏ వేళప్పుడు నొప్పులొచ్చినా 108కు ఫోను చేయడం, రైల్వేస్టేషన్ దగ్గరి పాత ప్రభుత్వాసుపత్రికో, తెలిసిన నర్సింగ్ హోముకో చేరడం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. 2018-20 లెక్కల్లో, బతికి పుట్టిన ప్రతి లక్షమంది బిడ్డలకు దేశం మొత్తంమీద 97 మంది తల్లులు చనిపోతే, ఆంధ్రలో ఆ సంఖ్య 45, తెలంగాణలో 43. సంతోషించాల్సిన విషయమే.

కానీ ఆ సర్వేలోనే ఇంకో అంకె ఉంది. ఆంధ్రలో నూటికి 42, తెలంగాణలో 60 కాన్పులు సిజేరియన్లు. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81! దేశ సగటు 21 మాత్రమే. సిజేరియన్లు నూటికి పది దాటాక, అవి పెరిగినంత మాత్రాన తల్లీబిడ్డల మరణాలు తగ్గుతున్న దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. అవసరమైన చోట ఆ కోత ప్రాణం నిలబెడుతుంది, అందులో సందేహం లేదు. అవసరం లేని చోట సంగతేమిటి?

ముహూర్తాలు పెట్టించుకునే మనవాళ్లదీ తప్పుంది. నొప్పులంటే భయం ఉంది. ఖర్చుల లెక్కలూ ఉన్నాయి. వీటన్నిటి వెనకా ఇంకోటుంది... తొలి కాన్పుకు పది పన్నెండు గంటలో, అంతకన్నా ఎక్కువో పట్టొచ్చు. అంతసేపూ పక్కన కూర్చుని, నడుం రాసి, నాలుగడుగులు నడిపించి, బిడ్డ గుండె చప్పుడు వింటూ, ‘ఏం కాదమ్మా’ అని ధైర్యం చెప్పే మనిషి లేదు. డాక్టరుకు తీరదు. నర్సుకు తీరినా, తన నిర్ణయం మీద కాన్పు చేసే అధికారం చాలాచోట్ల లేదు.

సర్టిఫికెట్‌లో రెండో మాట
విచిత్రం ఏమిటంటే మన నర్సుల సర్టిఫికెట్ మీద ‘రిజిస్టర్డ్ నర్స్’తో పాటు ‘రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్’ అనీ ఉంటుంది. ఆ రెండో మాట ఎవరూ చదవరు. బ్రిటన్‌లో మిడ్‌వైఫ్ అంటే వేరే వృత్తి, దానికి వేరే చదువు. ఇబ్బంది లేని గర్భిణికి పరీక్షల నుంచి బాలింత సంరక్షణ దాకా ఆవిడే చూస్తుంది. తేడా కనబడితే డాక్టరును పిలుస్తుంది.

అదే పద్ధతి మన దగ్గరా మొదలైంది. హైదరాబాద్‌లో 1948లో మొదలైన ఫెర్నాండెజ్ ఆసుపత్రిలో డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ 2011లో మిడ్‌వైఫ్‌ల శిక్షణకు శ్రీకారం చుట్టారు. ప్రసూతి వైద్యురాలే ‘మామూలు కాన్పుకు నేనక్కర్లేదు’ అన్నట్టు పక్కకు జరగడం చిన్న విషయమేం కాదు! 2017లో తెలంగాణ ప్రభుత్వం యూనిసెఫ్, ఫెర్నాండెజ్ సంస్థలతో కలిసి కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకు పద్దెనిమిది నెలల కోర్సు పెట్టింది. తొలి జట్టులో 30 మంది. మరుసటి ఏడాది, 2018 డిసెంబరులో, కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. ఈ కోర్సు పేరు ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ’. ఏడాది శిక్షణ, ఆరు నెలల ఇంటర్న్‌షిప్. నర్సుగా రిజిస్ట్రేషన్, కాన్పుల అనుభవం ఉన్నవారికే.

ఇందులో నేర్పేది కొత్త మందులు కాదు. వెల్లకిలా పడుకోబెట్టకుండా కూర్చుని, వంగి, పక్కకు ఒత్తిగిలి కనే పద్ధతులు. అనవసరపు కోతలు, కుట్లు తగ్గించడం. ఏ ఘడియలో ఆగకుండా డాక్టరును పిలవాలో పసిగట్టడం. వింటుంటే మన నాయనమ్మల నాటి మంత్రసాని సగం గుర్తొస్తుంది కదూ! మిగతా సగం... ఆవిడ దగ్గర లేని శుభ్రత, శాస్త్రం.

గుంటూరు దాకా వచ్చిన చదువు
కృష్ణకు ఇటూ అటూ ఈ కథ పాతదే. అమెరికా లూథరన్ మిషన్ డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. 1920లో మెల్‌బోర్న్ నుంచి వచ్చిన డాక్టర్ మేరీ గ్లోరీ సన్యాసినిగానే వైద్యం చేస్తూ గుంటూరులో స్థానిక మహిళలకు నర్సింగ్, కాన్పుల పని నేర్పారు. అప్పుడు ప్రపంచం నుంచి చదువు ఇక్కడికొచ్చింది. ఇప్పుడు చదువుకున్న అమ్మాయిలు ప్రపంచంలోకి వెళ్తున్నారు.

ఎందుకు వెళ్లరు? ప్రపంచవ్యాప్తంగా 9 లక్షల మంది మిడ్‌వైఫ్‌లు తక్కువున్నారని 2021లో ఐక్యరాజ్యసమితి జనాభా నిధి నివేదిక చెప్పింది. బ్రిటన్, జర్మనీ, గల్ఫ్... ఎక్కడ చూసినా నర్సులు కావాలి. విజయవాడలో ఐఈఎల్‌టీఎస్, ఓఈటీ కోచింగ్ బోర్డులకు కొదవా! ఒక పాత ముచ్చట... 2000ల దశకంలో బ్రిటన్ పెట్టుకున్న నియామక నియమావళి మనదేశం నుంచి నర్సులను తీసుకోవచ్చంటూనే నాలుగు రాష్ట్రాలను మినహాయించింది. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి! ఆ దేశపు అభివృద్ధి సాయం అందుకుంటున్న చోటి నుంచి నర్సులను లాక్కోకూడదని.

ఇక్కడ తల్లిదండ్రులు ఒకటి గమనించాలి. విదేశీ యూనివర్సిటీల్లో ‘గ్లోబల్ హెల్త్’ ఎమ్మెస్సీ అంటే బ్రిటన్‌లో సాధారణంగా ఏడాది చదువు. జబ్బులు ఎక్కడ, ఎందుకు వ్యాపిస్తాయి, ఆసుపత్రుల వ్యవస్థ ఎలా నడుస్తుంది, డబ్బెటు పోతుంది, పరిశోధన ఎలా చేయాలి... ఇవి నేర్పుతారు. మంచి చదువే. కానీ ఆ డిగ్రీ ఒక్కటే చేతిలో పెట్టుకుని అక్కడి వార్డులో నర్సుగా చేరలేరు. దానికి అక్కడి కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కావాలి. ఇంగ్లిషు పరీక్ష, కంప్యూటర్ మీద రాసే పరీక్ష, బ్రిటన్ వెళ్లి చేసి చూపించే ప్రాక్టికల్... ఇదంతా వేరే దారి. పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టే ముందు, ఈ రెండింటిలో మనకు కావాల్సింది ఏదో తేల్చుకోవడం మంచిది.

వెళ్లనివారికి ఎమ్మెస్సీ నర్సింగ్ ఉంది. రెండేళ్లు. 1986లో ఏర్పడిన ఆరోగ్య విశ్వవిద్యాలయం విజయవాడలోనే ఉంది కాబట్టి మనకు కొత్త కాదు. ప్రసూతి, పిల్లలు, మానసిక, సామాజిక ఆరోగ్యం... ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. చిక్కేమిటంటే ఆ డిగ్రీ వచ్చిన మరుక్షణం చాలామంది కాలేజీ పాఠాలకు వెళ్లిపోతారు. పెద్ద చదువు చదివిన కొద్దీ మంచం పక్క నుంచి దూరం జరగడం మన నర్సింగ్‌కు పట్టిన జాడ్యం. మిడ్‌వైఫరీ కోర్సును నేను ఇష్టపడేది అందుకే. చదివినామె మళ్లీ లేబర్ రూముకే వస్తుంది.

వస్తుంది సరే, ఏ హోదాలో? పద్దెనిమిది నెలలు చదివించి, తిరిగి జనరల్ వార్డులో నైట్ డ్యూటీకి వేస్తే ఏం లాభం? ప్రత్యేక పోస్టు, దానికి తగ్గ జీతం, తన నిర్ణయానికి విలువ ఉండాలి. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో వచ్చిన కొత్త చట్టం పేరులోనే ‘నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ’ అని ఉంది. పేరులోకొచ్చింది, డ్యూటీ చార్టులోకి రావాలి.

ఈ ‘గ్లోబల్’ మాట విని కంగారు పడక్కర్లేదు. 2019లో వార్డు సచివాలయాలు వచ్చాక వార్డు నర్సమ్మ చేతిలో ఉండే వివరాలే తీసుకోండి. ఎవరికి రక్తం తక్కువ, ఎవరికి బీపీ, ఎవరు ఐరన్ మాత్రలు తెచ్చుకుని అటక మీద పెట్టారు... ఇవన్నీ ఒకచోట పేర్చి, ఈ మెట్లవీధిలోనే రక్తహీనత ఎందుకుందని అడిగితే అదే ఆ పెద్ద చదువులో మొదటి పాఠం. అడిగే తీరికా, అడగడం నేర్పే చదువూ ఆమెకు దొరకాలి.

తొమ్మిదో నెల రాగానే కొండమీది ఇంట్లో అత్తగారు అడిగే మొదటి ప్రశ్న, ‘ఏ డాక్టరమ్మ దగ్గర చూపిస్తున్నారు?’ అని. ‘అక్కడ మిడ్‌వైఫ్ ఉందా?’ అని అడిగేవాళ్లు అరుదు. అడగొచ్చన్న సంగతే ఇంకా చాలామందికి తెలియదు మరి.